కాఫీ తాగని అభ్యర్థి

ఆదివారం. తెల్లవారుజాము నుంచి వాన. కిటికీ బయట వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు లోపలికి లాగుతుండగా పై అంతస్తు అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాన్న లేవలేదు అన్నయ్యా" అంది. నిద్రలోనే పోయారు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు.

మేమంతా బాబాయిగారు అని పిలిచే ఆయన వుడ్‌ల్యాండ్స్‌లో చాలామందికి తెలుసు. తెలియని వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

కూతురికి ఈ పరాయి దేశంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే మనవరాలిని చూసుకోవడానికి వెంట వచ్చారు. ఒంగోలు వైపు వాళ్ళు. సొంత ఊళ్ళో బడి కమిటీకి నిలబడి గెలిచారు. ఆ ధైర్యంతో అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడి ఓడారు. "డిపాజిట్టు కూడా దక్కలేదయ్యా. కానీ ఏ ఊళ్ళో ఏ కుక్క కరుస్తుందో నాకు తెలిసినట్టు గెలిచినాయనకి తెలియదు" అని నవ్వేవారు.

ఇక్కడికొచ్చాక ఊరుకుంటారనుకున్నాం. అప్పట్లో పిల్లల తెలుగు తరగతి ఎక్కడో దక్షిణం కొసన తంజోంగ్ పగార్‌లో, ఒకరి ఆఫీసు గదిలో జరిగేది. కంప్యూటరు ఉద్యోగాలకు కొత్తగా దిగిన కుటుంబాలేమో ఈ ఉత్తరం కొసన, వుడ్‌ల్యాండ్స్‌లో, దాని పక్కనున్న యూ టీ పేటలో. పిల్లలు రైల్లో నిద్రపోయేవారు. కొన్నాళ్ళకు మానేసేవారు. ఆయన మనవరాలు కూడా ఒకరోజు "టూ ఫార్ లా, తాతా!" అని మంచం కింద దూరింది. ఆ పిల్లకు తెలుగు రాకపోతే తన మాటలు తనతోనే పోతాయని ఆయనకు భయం పట్టుకుంది. తరగతిని మా వైపు తెస్తానని తల్లిదండ్రుల కమిటీకి పోటీకి దిగారు.

ప్రచారానికి నన్ను రమ్మన్నారు. నేను మాటకారిని కాను. బడికి పోయినవాణ్ణీ కాదు. పొట్లాల కాగితాలు చూసి చదవడం నేర్చుకున్నాను. ఆ మాటే చెప్తే, "నువ్వు ఊరికే నిలబడు చాలు. మాట్లాడేవాళ్ళు ఇద్దరైతే వినేవాడు పారిపోతాడు" అన్నారు.

లిఫ్టులో పై అంతస్తుకు పోయి, మెట్ల మీదుగా ఒక్కో అంతస్తూ దిగుతూ, గుమ్మానికి మామిడాకులు కనపడితే తలుపు తట్టేవాళ్ళం. అందులో సగం తమిళుల ఇళ్ళు. అక్కడ ఓట్లు లేకపోయినా కూర్చుని, ఇచ్చింది తాగి, కుశలం అడిగి లేచేవారు. తెలుగు ఇళ్ళలో మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టరు. "ఓటడిగే ఇంట్లో తాగకూడదయ్యా. ఒకరింట తాగితే పక్కింటాయన గుర్తుపెట్టుకుంటాడు." అది ఆయన ఊళ్ళో నేర్చుకున్న నియమం.

యూ టీలో ఒకమ్మాయి కాఫీ తెచ్చింది.

"వద్దు తల్లీ, అలవాటు లేదు."

"ఇప్పుడేగా అంకుల్, పక్కింటి తమిళ ఆంటీ దగ్గర తాగారు! బాగుందని మెచ్చుకున్నారు కూడా. మా ఇంట్లోనే ఎందుకు తాగరు? మేమెవరమో ఎవరన్నా చెప్పారా?"

కులం మాట ఎవరూ పైకి అనలేదు. అందరికీ అర్థమైంది. బాబాయిగారి మొహం పాలిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తప్పు నాదమ్మా. ఇటియ్యి" అని గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అన్నారు. ఆ అమ్మాయి నవ్వలేదు గానీ పోసింది.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డారు. "ఎన్ని ఇళ్ళలో కాదన్నానయ్యా?"

"అన్నిట్లోనూ."

"అయితే పద."

మొదటి ఇంటి నుంచి మళ్ళీ తిరిగాం. ఈసారి ఓటు మాట ఎత్తలేదు. కాఫీ తాగిపోదామని వచ్చామనేవారు, అంతే. "మీరు అభ్యర్థా బాబాయిగారూ, కాఫీ ఇన్‌స్పెక్టరా?" అని ఒకావిడ ఏడిపించింది. ఆ వారమంతా ఆయనకు నిద్ర లేదు. "ఊరు మారితే నియమాన్ని కూడా మళ్ళీ అడిగి తెలుసుకోవాలయ్యా" అన్నారు నాతో.

గెలిచారు. తరగతి మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలోకి వచ్చింది. ఆదివారాలు బల్లలు ఆయనే వేసేవారు. మనవరాలు గొణుక్కుంటూనే లిఫ్టు దిగి వచ్చేది.

ఈ రోజు ఆ జాగాలోనే ఆయన్ని పడుకోబెట్టాం. క్లాసు ఉందా లేదా అని ఫోన్లు మొదలయ్యాయి. "శవం ఉండగా పిల్లల్ని పిలుస్తారటయ్యా?" అని ఒక పెద్దావిడ నన్ను కోప్పడింది. బాబాయిగారి అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "మానేస్తే నాన్న ఊరుకోరు పిన్నీ" అని నా వైపు తిరిగింది. "పక్క బ్లాకు కింద పెట్టించండి అన్నయ్యా."

పెట్టించాను. పిల్లలు బాగానే వచ్చారు. మంత్రాలు ఆగినప్పుడల్లా అటువైపు నుంచి గుణింతాలు వినపడ్డాయి. మనవరాలు తాత కాళ్ళ దగ్గర కూర్చుని, పెదవులు మాత్రం కదుపుతూ, వాళ్ళతో పాటు చదువుతోంది.

సాయంత్రం దహనం అయ్యాక వచ్చి స్నానం చేశాను. వాన వెలిసింది. పక్క బ్లాకు కింద బోర్డు అలాగే ఉంది, మీద పిల్లల అక్షరాలతో. తుడిచి లోపల పెడదామని గుడ్డ తడిపి, ముందు ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివాను.