పస్తు తప్పిన దూడ

అద్దంకి దాటాక మిరప చేల మధ్య ఒక పశువుల ఫారం ఉంది. ఆదెయ్య అక్కడ పందొమ్మిదేళ్లుగా కోడెదూడలను సాకుతున్నాడు. భార్య పోయాక మనుషులతో మాట్లాడే అలవాటు తప్పింది. ఉన్న మాటలన్నీ దూడలకే చెబుతాడు.

కోడెదూడ పాలివ్వదు. దానికి పుట్టే పెయ్యలు ఎన్ని పాలిస్తాయో తెలియాలంటే ఆరేడేళ్లు ఆగాలి. ఫారంలో పశువుల డాక్టరు శ్రీరమ్య అన్నేళ్లు ఆగకుండా, పస్తున్న దూడ నెత్తురు తీసి, అందులోని హార్మోన్లను బట్టి ముందే అంచనా కడుతోంది. అంచనా బాగున్న దూడ ఫారంలోనే ఉంటుంది. తక్కినవి వేలానికి పోతాయి.

నలభై ఒకటో నంబరు దూడను తల్లి ఈనగానే చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది ఆదెయ్యే. పస్తుంచిన మర్నాడు, మిరప చేల మీద మంచు ఇంకా విడవని వేళ, అది అతని చొక్కా అంచు నోట పట్టుకుని చప్పరించింది. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఎప్పుడూ ఎవరూ ఉండరు. గుప్పెడు పత్తిచెక్క నోటికందించాడు. గంట తర్వాత నెత్తురు తీశారు.

వారానికి శ్రీరమ్య నవ్వుతూ వచ్చింది.

"మీ అబ్బాయే ఫస్టు, ఆదెయ్యగారూ! ఏం నూరిపోస్తారండీ దాని చెవిలో రోజంతా? మాతో రెండు ముక్కలు మాట్లాడరు గదా!"

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా నిలిచింది. తర్వాత, ఆ దూడకి ముందుముందు పుట్టే ఒక ఆవు కింద, ఏ ఊళ్లోనో ఒక ఇల్లాలు నిండని బిందె పెట్టుకుని కూర్చోవడం కళ్లకు కట్టింది. అన్నం కంచం పక్కన పెట్టాడు. లేచి వెళ్లాడు.

"డాక్టరమ్మా, ఆ దూడ పస్తు లేదమ్మా. నేనే మేపా."

"ఎంత?"

"గుప్పెడు. కాదు, రెండు గుప్పెళ్లు."

"కడుపులో మేత పడితే ఆ లెక్క నమ్మడానికి లేదండీ. మళ్లీ తీయాలి. ఈసారి తగ్గితే పంపించెయ్యాలి. అసలు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"పితికేవాళ్లకి తెలుస్తుంది గదమ్మా."

రెండోసారి ఆదెయ్య దానికి అందకుండా దూరంగా కూర్చుని కాపలా కాశాడు. అంచనా మామూలుగానే వచ్చింది, ఫారంలో ఉంచుకునేంత లేదు.

వేలం అయిన రోజు నలుగురు తోసినా దూడ వ్యాను ఎక్కలేదు. ఆదెయ్య ముందు ఎక్కి పిలిచాడు. వెంటనే వెనకాలే ఎక్కింది. దాన్ని కట్టేసి, అతనొక్కడే దిగాడు.