డ్రైవర్ యాదగిరి మధ్యాహ్నపు కలలు

ఫిల్మ్‌నగర్ ఆఫీసులో నిర్మాత పుష్పవల్లిగారు కథలు వింటున్నంతసేపూ, ఆవిడ డ్రైవర్ యాదగిరి కింద కారులో సీటు వాల్చి పడుకుంటాడు. నిద్రపోవడానికి కాదు, తెలివితోనే కలలోకి దిగడానికి. ఆ విద్య ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాడు. మోచేయి సీటుకు ఆనించి ముంజెయ్యి నిలువుగా పైకెత్తి ఉంచుతాడు. మరీ మత్తులోకి జారితే చెయ్యి పడి మెలకువ వస్తుంది. "ఇది కల, ఇది కల" అని పెదవులు కదుపుతుంటే, జపమనుకుని పక్క కార్ల డ్రైవర్లు పాటల చప్పుడు తగ్గిస్తారు.

నెల తిరిగాక ఒకరోజు అద్దం మీద ఎవరో తట్టారు. చూస్తే, ఎప్పుడూ ఫోన్ చేసి కారు పైకి రప్పించుకునే పుష్పవల్లిగారు. ఇన్నాళ్ళకు కలలోకి వచ్చి పడ్డానని మురిసిపోయి, యాదగిరి దర్జాగా దిగి వెనక సీట్లో కూర్చున్నాడు.

"మేడమ్, ఇయ్యాల మీరే నడపుండ్రి. జర మెల్లగ పోనియ్యుండ్రి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నారు.

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడింది. కలలో వేళ్ళ లెక్క తప్పుతుందని వీడియోలో చెప్పారు. యాదగిరి మూడుసార్లు లెక్కపెట్టాడు. ఐదే వచ్చాయి. ఆదరాబాదరాగా ముందు సీటు మీదికి వంగాడు.

"మేడమ్, తప్పయింది. కల అనుకున్న. నేను నడుపుత."

"కూర్చోవయ్యా," అన్నారావిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పెళ్ళయ్యాక నన్ను స్టీరింగ్ పట్టుకోనిచ్చినవాళ్ళు లేరు. ఇంటికెళ్ళేదాకా ఇది కలే అనుకో."