అవ్వ బొట్టు పెట్టిన ఫ్లాపీ

పాత ఇనుప పెట్టె మూత తీయగానే కర్పూరం వాసన గుప్పుమంది. పట్టు పీలికల మధ్య ఒక నల్ల ఫ్లాపీ, దాని మీది కాగితంపై మా అవ్వ పెట్టిన కుంకుమ బొట్టు. అది చేతికి తగిలినప్పటి నుంచి నాకు కుదురు లేదు.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. మగ్గాల చప్పుడుతో అదిరే ముందుగదిలోనే ఆయన కంప్యూటర్ ఉండేది. ఎండాకాలం ఎర్రదుమ్ము పడకుండా అమ్మ దానికి పాతచీర కప్పేది, స్విచ్చి వేస్తే అది గురగురమంటూ లేచి, నల్లతెర మీద అంకెలు పరుగెత్తి, వేడెక్కిన దుమ్ము వాసన గదంతా నిండేదాకా నేను ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.

ఆ ఏడు అవ్వ పెళ్లిచీర చివికిపోతే, దాని అంచును చుక్క చుక్కా చూసి గీసి, అలాంటి చీరే నేయించి తల్లికి పెట్టాలని నాయన పట్టు పట్టాడు. ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఇల్లంతా బొరుగులూ బెల్లమూ బంతిపూలూ. మగ్గాలకూ కత్తెరలకూ గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చిన అవ్వ కంప్యూటర్‌కూ పెట్టింది. అంతటితో ఆగితే మా అవ్వ ఎందుకవుతుంది? ఆ అంచు బొమ్మ దాచిన ఫ్లాపీ రేకు జరిపి లోపల కూడా దిద్దింది. నాయన చూసుకోకుండా లోపలికి తోశాడు. ఇరుక్కుపోయింది. పట్టకారుతో లాగితే ఫ్లాపీ నాశనమైంది, కంప్యూటర్ లోపల ఏదో వంగింది.

"పని చేసే ప్రతిదానికీ బొట్టు పెట్టాల గదరా! దీనికి పెట్టకుంటే ఎట్లా?" అంది అవ్వ.

నాయన అంచంతా మళ్లీ గీసి కొత్త ఫ్లాపీలో దాచాడు. ఈసారి అవ్వ బుద్ధిగా పైకాగితం మీదే బొట్టు పెట్టింది. కానీ డిజైన్ చూసి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టే అంగడిలోని కంప్యూటర్ దాన్ని చదవలేదు. రిపేరుకు వచ్చినాయన చూసి, "లోపల చదివే ముక్క పక్కకు జరిగిందన్నా. ఇది రాసింది ఇదే చదవాల, ఇంగేదీ చదవదు" అన్నాడు. ఇక కాగితం మీద గీసి ఇద్దామనుకునేలోపే అవ్వ పోయింది. నాయన మళ్లీ ఆ బొమ్మ తెరవలేదు.

ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఆ పాత సిస్టమంతా ఒక చిన్న కిటికీలో రెప్పపాటులో తెరుచుకుంటుంది. గురగుర లేదు, దుమ్ము లేదు, అదే నల్లతెర. "ఆ, ఇదే, ఇదే!" అంటూ నాయన ముందుకు వంగాడు. కొత్తగా కొన్న డ్రైవ్‌లో ఫ్లాపీ పెట్టాను. చదవలేనంది. తీసి తుడిచి పెట్టాను. చదవలేనంది.

"పాత మిషన్ యాడ పెట్టినావమ్మా?" అన్నాడు నాయన.

ఇల్లు మారినప్పుడు దాన్ని పాత సామాన్ల బండికి ఎత్తించింది నేనే. ఆయన వద్దు వద్దంటుంటే, "ఇప్పుడు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే వస్తాయిలే నాయనా" అని నచ్చజెప్పి మరీ పంపించాను. ఆయన మరిచిపోయిన ఆ సంగతి గుర్తుచేయలేక, చదవదని తెలిసీ, ఫ్లాపీ తీసి మళ్లీ పెట్టాను.