అంబలి తిండి కాదట

నాకు ముక్కు మీద కోపం. రోగులతో పనిచేసేవాళ్ళకి అది ఉండకూడదంటారు. నాకుంది, ఏం చెయ్యను? రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు విజయనగరంలో మా చిన్న ఆసుపత్రిలో ఆ కోపమంతా ఒకే విషయం మీద ఖర్చుపెట్టాను. శుభ్రంకాని పేగుల మీద.

పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూడాలంటే ముందురోజు నుంచే తిండి మానేసి, ఉప్పటి మందు కలిపిన నీళ్ళు కడుపు పట్టనన్ని తాగి, లోపలున్నదంతా ఖాళీ చేసుకుని రావాలి. మా రోగులు తాగేవారు. దొడ్డికి తిరిగి తిరిగి సొమ్మసిల్లేవారు కూడా. తీరా నేను చూసేసరికి గోడలన్నీ గోధుమరంగు పూత. నీళ్ళు కొట్టి కడిగితే ఇక్కడ పోయింది అక్కడ చేరేది. "ఏం తిన్నారు?" అని అరిస్తే అందరిదీ ఒకటే జవాబు. "ఏటీ తిన్నేదమ్మా." నేను నమ్మేదాన్ని కాదు. కొన్నాళ్ళు మందుపొడి చేసిన కంపెనీని తిట్టాను, కొన్నాళ్ళు ఊరి నీళ్ళని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాగింది నా వ్యవహారం.

అలాంటి రోజుల్లోనే మా ఆసుపత్రికి ఒక పరిశోధనలో చోటు దొరికింది. పెద్దపేగు లోపలి పొరంతా పుండ్లు పడి నెత్తురు పోయే జబ్బుకి కొత్త మాత్ర. దేశంలో పెద్ద పెద్ద నగరాల ఆసుపత్రుల మధ్య మా పేరు కూడా ఉందని చూసుకుని నేను ఇంట్లో అందరికీ స్వీట్లు పంచాను. షరతు ఒకటి. ప్రతి రోగికీ ముందు పేగు వీడియో తీసి పంపాలి. ఎక్కడో దూరాన ఇద్దరు డాక్టర్లు, అది ఎవరిదో తెలీకుండా చూసి, జబ్బు ఎంత ఉందో తేలుస్తారు. వాళ్ళు సరేనంటేనే రోగికి పరిశోధనలో చోటు.

అప్పుడొచ్చింది ఆమె. కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారం. నలభై దాటిన మనిషి, గొంతు విప్పితే వార్డు చివరిదాకా వినపడేది. నెత్తళ్ళ బుట్టలు బస్సులో వేసుకుని శ్రీకాకుళం, విజయనగరం తిరిగి అమ్ముకునేది. జబ్బు వచ్చాక బస్సే ఆమెకి శత్రువైంది. దారిలో ఎప్పుడు కడుపు మెలిపెడుతుందో తెలీదు. తలుపు పక్క సీట్లోనే కూర్చోవాలి, బస్సు ఆపమని అరవాలి, సరుగుడు తోటల్లోకి పరిగెత్తాలి. తిరిగొచ్చేసరికి బస్సంతా తనవైపే చూసేది. కొన్నాళ్ళకి కొందరు కండక్టర్లు ఆమెని చూసి ఎక్కించుకోకుండానే బెల్లు కొట్టేయడం మొదలుపెట్టారు. ఆమె వ్యాపారం మానేసింది. ఉన్న మందులన్నీ వాడాం, పనిచెయ్యలేదు. ఇక పేగు తీసేసి పొట్టకి మలం పడే సంచి అమర్చడమే మిగిలిందని సర్జన్ చెప్పాడు.

"సంచి తగిలించుకుని బస్సెక్కమంతావేటి?" అని నన్ను నిలదీసింది.

పరిశోధన గురించి చెప్పాను. కొందరికి నిజం మందు పడుతుంది, కొందరికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికేది పడిందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. వద్దనుకున్న రోజు మానెయ్యొచ్చు. ఆమె మొగుడు, నెమ్మదస్తుడు, గోడకానుకుని అంతా విన్నాడు. ఆమె మాత్రం నవ్వింది.

"లాటరీ అన్నమాట. ఎయ్యి నా పేరు."

వీడియో తీసి పంపాను. తిరిగొచ్చింది. పూత అడ్డంగా ఉంది, చూడటానికి వీల్లేదు, తోసిపుచ్చుతున్నాం. ఫోన్లో ఆ పరిశోధన చూసుకునే ఆయన గొంతు తేనెలో ముంచినట్టుంది. "మేడమ్, మీ దగ్గర క్లీనింగ్ ప్రాబ్లమ్ ఉన్నట్టుంది. చిన్న ఊళ్ళలో మామూలేలెండి." చిన్న ఊరట! ఒళ్ళు మండిపోయింది. కానీ పూత కనిపిస్తూనే ఉంది. ఇంకొక్కసారి వీడియో తీసి పంపొచ్చు, ఈ వారం దాటితే కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేస్తాం అన్నాడు. ఈసారి కూడా పాడైతే ఆమె తిన్నగా సర్జన్ దగ్గరికే.

రెండోసారి పొద్దున్నే వచ్చి మంచమెక్కింది. మత్తు సూది ఇవ్వబోతూ, "ఏమీ తినలేదుగా?" అని వంగి అడిగాను.

"ఏటీ తిన్నేదు, మా యమ్మతోడు."

ఆ మాటతో పాటు పచ్చి ఉల్లిపాయ వాసన గుప్పుమంది. దాని వెనక పుల్లగా ఇంకో వాసన. నాకు బాగా తెలిసిన వాసనే.

"ఉల్లిపాయ ఎక్కడిది?"

"నంజుకున్నాను."

"దేన్లోకి?"

"అంబల్లోకి," అంది, నేను పిచ్చిదాన్నన్నట్టు చూస్తూ. "నిన్నట్నుంచీ అదే కదా తాగతన్నాను. అన్నం ముట్టనేదు, టిఫిను ముట్టనేదు. అంబలి తిండేటి, డాక్టరమ్మా? గొంతు తడుపుకున్నాను."

నేను చదివిన చదువంతా ఆ క్షణాన ఎటో పోయి మా ఊరి భాష బయటికొచ్చింది. "ఓలమ్మో, నా కొంప ముంచీసినావు కదే!"

సూది పక్కన పెట్టించాను. కడుపులో అంబలితో మత్తిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. తర్వాత స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. మాది శ్రీకాకుళం పక్క రైతు కుటుంబం. మా తాత పొలంలోంచి వచ్చి గట్టు మీదే రెండు లోటాల చోడి అంబలి, అదే రాగి అంబలి, పట్టించి, ఇంటికొచ్చి, "ఒసే, పొద్దున్నుంచి మెతుకు ముట్టనేదు, అన్నమెట్టు" అనేవాడు. అది అబద్ధమని మా ఇంట్లో ఎవరికీ ఏనాడూ తోచలేదు. అన్నం తింటేనే తిన్నట్టు. అంబలి తాగేది, మజ్జిగలాగా, మంచినీళ్ళలాగా. అందరూ నాకు నిజమే చెబుతూ వచ్చారు. చోళ్ళ రంగు ఏమిటి? గోధుమే. చంకలో బిడ్డని పెట్టుకుని సంతంతా వెతికినట్టు, అంబలి తాగి పెరిగినదాన్ని, మందుపొడిని తిట్టుకుంటూ కూర్చున్నాను!

"ఈ రోజు ఇంటికెళ్ళేది లేదు. రేపు చూస్తాను" అన్నాను.

ఆమె మొగుణ్ణి వార్డు గుమ్మంలో కాపలా పెట్టాను. అంబలి కాదు, గంజి కాదు, మజ్జిగ కాదు, గ్లాసులో పోస్తే అడుగు కనిపించేదే తాగాలి. కొబ్బరిబొండాలు, వడగట్టిన జీలకర్ర నీళ్ళు. ఉప్పటి మందు ఒకేసారి కాకుండా సాయంత్రం సగం, తెల్లవారకముందే సగం. మొదటి గ్లాసు తాగి మొహం వికారంగా పెట్టింది.

"మా ఊరి సముద్రం దీనికన్నా రుచిగా ఉంతాది."

"తాగు. బస్సెక్కాలా వద్దా?"

తాగింది. బొండాలు మోసి మోసి మొగుడి భుజం వాచింది. తెల్లవారుతుండగా వార్డులోంచి ఆమె కేక. "డాక్టరమ్మా, బేగి రా! వచ్చి సూడు! ఎండాకాలం వంశధారే! అడుగు కనపడతన్నాది!"

వెళ్ళి చూశాను. ఎవరి విరేచనాన్నైనా చూసి నేను అంత సంతోషించడం అదే మొదలు.

పేగులో చివరిదాకా వెళ్ళడం పెద్ద గొప్ప కాదు. గొప్పంతా వెనక్కి వచ్చేటప్పుడు. తొందరపడకుండా ప్రతి మడత వెనకా తొంగిచూడాలి, కడగాలి, మళ్ళీ చూడాలి. ఆ రోజు అలా చూశాను. పుండ్లు, నెత్తురు, ఉన్నది ఉన్నట్టు కనపడ్డాయి. ఘోరమైన జబ్బు, కానీ దాపరికం లేని జబ్బు. వీడియో వెళ్ళింది. ఈసారి ఒక్క ముక్క కూడా అనకుండా సరేనన్నారు. ఆమె పరిశోధనలో చేరింది.

ఆ తర్వాత మా గదికి వచ్చే ప్రతి మనిషినీ నేనే స్వయంగా అడిగేదాన్ని. ఏం తిన్నారని కాదు, "అంబలి ఎప్పుడు తాగారు?" అని. జవాబు ఠక్కున వచ్చేది. గోధుమరంగు పూత నెమ్మదిగా మాయమైంది. కొన్నాళ్ళకి ఆ తేనె గొంతాయనే ఫోన్ చేశాడు. మీ వీడియోలు అద్దంలా ఉంటున్నాయి, ఏం మార్చారో మిగతా ఆసుపత్రులకి చెబుతారా అని. అందరూ వింటుండగా చెప్పాను. చోళ్ళంటే ఏమిటో, పులవబెట్టడమెలాగో, ఉల్లిపాయ ఎందుకు నంజుకోవాలో అంతా చెప్పాను. నగరం డాక్టర్లు శ్రద్ధగా విన్నారు. ఒకాయన మీరు కూడా తాగుతారా అని అడిగితే, ఇప్పుడే తాగి వచ్చానని చెప్పాను. నిజమే. చిన్న ఊరి గర్వం నాకు ఆ పూట నెత్తికెక్కింది, దించుకోవాలని అనిపించలేదు.

నెలలు గడిచాయి. ఆమెకి ముందు నెత్తురు తగ్గింది, తర్వాత ఆగింది. బుగ్గలు నిండాయి, గొంతు ఇంకా పెరిగింది. పడింది నిజం మాత్రేనని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. చివరి పరీక్ష రోజు నేను చెప్పకుండానే గ్లాసు అడుగు కనిపించే నీళ్ళే తాగి వచ్చింది. గొట్టం లోపలికి వెళ్ళింది, నెమ్మదిగా వెనక్కి వచ్చింది. లేత గులాబీరంగు గోడలు, వాటి మీద సన్నటి నరాలు. ఒక్క పుండు లేదు. మొదటి వీడియో, ఈ వీడియో పక్కపక్కన పెట్టి మొగుడికి చూపించాను. అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు నిండాయి. ఆపుకోలేదు.

మత్తు పూర్తిగా దిగాక సాయంత్రం వాళ్ళని నా కారులోనే ఆర్టీసీ కాంప్లెక్స్‌కి తీసుకెళ్ళాను. శ్రీకాకుళం బస్సు సిద్ధంగా ఉంది. కండక్టరు పాతవాడే, ఆమెని గుర్తుపట్టాడు. మంచివాడు, పాపం. తలుపు పక్క సీట్లో ఉన్న మనిషిని లేపబోయాడు.

"రా అప్పా, ఇక్కడ కూకో."

"ఆడినే కూకోనీ," అందామె. "నాకా సీటేటికి?"

మనుషుల్నీ మూటల్నీ తోసుకుంటూ, మొగుణ్ణి లాక్కుంటూ వెనక్కి వెనక్కి వెళ్ళి, తలుపుకి అన్నిటికన్నా దూరంగా ఆఖరి సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. కిటికీలోంచి తల బయటపెట్టి బస్టాండంతా వినపడేలా అరిచింది.

"ఎల్లొస్తాను డాక్టరమ్మా! దార్లో దిగే పనేటీ నేదు!"

బస్సు కదిలింది. కోట వైపు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. ఎక్కడా ఆగలేదు.