వైఫై దొంగకు నేను పెట్టిన శాపాలు

యూనివర్సిటీకి పోయి పట్టా తెచ్చుకున్నవాళ్ళను చూశాం. గంటసేపు బెంచీ మీద కూర్చుని వచ్చి, పరువంతా అక్కడే పోగొట్టుకున్నది మాత్రం నేనొక్కదాన్నే. అప్పటికి నాకు అరవై నాలుగేళ్ళు. చిన్నతనం, లోకజ్ఞానం తక్కువ.

మనవరాలు మంజుల చేరిన కొత్త. హాస్టల్ గది కావాలంటే ఆ రోజు పన్నెండులోపు ఫారం పంపాలట. అది క్యాంపస్ వైఫైలో తప్ప తెరుచుకోదట. గది రాలేదా, హిందూపురం నుంచి రోజూ బస్సే గతి. పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. ఆఫీసులో దానికి వైఫై పాస్‌వర్డ్ రాసిన చీటీ ఇచ్చారు.

“అవ్వా, ఫోటోలు తీపిచ్చుకోనొస్తా. ఈ చీటీ పోగొట్టద్దు.”

“దుడ్లెంతమ్మే దీనికి?”

“దుడ్లేమీ లేవవ్వా, ఫ్రీ!”

పోగొట్టద్దని చెప్పింది. పంచద్దని చెప్పిందా? మీరే చెప్పండి.

పక్కనే పెనుకొండ నుంచి కూతురిని చేర్చడానికి వచ్చిన ఒకామె, ధూపం వేసినట్టు ఫోను గాల్లో ఊపుతోంది. “నెట్టు అయిపోయిందవ్వా. ఇంటికి ఒక్క ఫోటో పంపల్లంటే పోలే.”

మా వీధిలో పెరుగు తోడు అడిగితే లేదనే ఆడది లేదు. గరిటెడిస్తే మన కుండలో తరిగేదేముంది? పదిళ్ళలో పాలు తోడుకుంటాయి. పాస్‌వర్డూ అంతే అనుకున్నాను. పైసా ఖర్చు లేని పుణ్యం! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, నేను అడగకముందే పెట్టాను. చీటీ పెనుకొండామె నుంచి ధర్మవరం ఆమెకు, ఆమె నుంచి వాళ్ళాయనకు, అన్నదానంలో సాంబారు బకెట్టులా బెంచీలన్నీ తిరిగొచ్చింది.

మంజుల వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద చక్రం గానుగెద్దులా తిరిగి తిరిగి, ఎర్రక్షరాలు కక్కింది.

“అవ్వా, అకౌంట్ లాక్ అయిపోయిందే!”

“పాత ల్యాప్‌టాపు ఇట్లనే ఏడుస్తాది.”

“బేరమాడి పాతది కొనిచ్చింది నువ్వే కదా!”

అప్పటికే పదకొండున్నర. కంప్యూటర్ల గదికి పరిగెత్తాం. అక్కడి సారు చూసి నోరు తెరిచాడు. “ఏం పాపా, నీ పేరు మీద పదమూడు ఫోన్లుండాయి! ఎవురో నీ పాస్‌వర్డ్ దొంగిలించినారు.”

మంజుల కళ్ళలో నీళ్ళు. నాకు ఒళ్ళు మండింది.

“ఎవుడు వాడు? వాని నోట్లో మన్ను పడ! వాని ఇంట్లో పొయ్యి వెలగకుండా పోను! వాని మనవరాండ్లు దినామూ బస్సులో నిలబడుకోనే పోవల్ల!”

“చాలవ్వా, చాలు!” అన్నాడు సారు.

అంతలో తలుపు దగ్గర పెనుకొండామె. “ఈడుండావా అవ్వా! యాడంతా వెతికినా. నువ్విచ్చిన వైఫై ఆగిపాయ. ఇంగో చీటీ ఉంటే ఇయ్యి.”

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నన్ను పదమూడు తేళ్ళు కుట్టాయి.

“కొత్తది ఇస్తా,” అన్నాడు సారు, నవ్వు పంటి కింద నొక్కిపెట్టి. “పాతది ఎట్ల బయటికి పాయనో రాసియ్యల్ల.”

పెన్ను నేనే తీసుకున్నాను. “అయ్యా, దొంగను నేనే. ఇట్లు, నాగమ్మ.” ఒక్క తప్పు లేకుండా రాశాను. కొత్త చీటీని సారు నా తల మీదుగా మంజులకు అందించాడు. పన్నెండుకు రెండు నిమిషాలుందనగా ఫారం పోయింది.

కాబట్టి పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: దొంగెవరో తేలేదాకా నా నోట శాపం రాదు. వచ్చినా, వాడి మనవరాళ్ళ జోలికి పోను.