తుక్కుకుప్పలో దొరికిన బ్రేకు

ఫిజీలో సింగతోకా లోయకు పైన, కొండ కొమ్మున ఉన్న ఊరి నుంచి ప్రతి శనివారం మెరెవై ట్రక్కు సంతకు బయలుదేరుతుంది. వెనక పన్నెండు మంది ఆడవాళ్లు, చేమదుంపల బస్తాలు, కర్రపెండలం కట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మలుపులు మొదలవగానే అందరూ గొంతెత్తి కీర్తనలు అందుకుంటారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు వాళ్ల భక్తికి మురిసిపోయారు. పాపం, అది భక్తి కాదు, బ్రేకుల మీద అపనమ్మకం.

మొగుడు పోయినప్పుడు మెరెవైకి ముప్పై ఐదేళ్లు. ట్రక్కు అమ్మేద్దామన్నాడు మరిది. "అమ్మేస్తే దుంపలు నీ వీపున మోస్తావా?" అని తాళాలు లాక్కుని తన గుబురు జుట్టులో దోపేసుకుంది. నాలుగు రోజుల్లో డ్రైవింగు నేర్చుకుంది. ఐదో రోజు చర్చి కంచె కూల్చింది. రిపేర్లు కూడా అంతే, విప్పి చూస్తూ నేర్చుకున్నదే. అది జరిగి ఇరవై ఏళ్లు.

ఆ గురువారం బ్రేకు తొక్కితే పెడల్ నేలదాకా దిగిపోయింది. బ్రేకులకు నూనె తోసే మాస్టర్ సిలిండర్ పోయింది. కొత్తది రాజధాని సువా నుంచి రావాలంటే పై వారమే. ఈలోగా శనివారం సంత తప్పితే పన్నెండు ఇళ్లలో ఉప్పూ సబ్బూ ఉండవు. శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి అపొరోసా తుక్కు యార్డుకు వెళ్లింది.

అపొరోసా ఆమెకు తౌవు. ఎప్పుడో వీళ్లిద్దరి ఊళ్ల వేల్పులు చుట్టాలట. అందుకని ఈ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లను నోటికొచ్చినట్టు ఆడిపోసుకోవచ్చు, కంటికి నచ్చింది అడక్కుండా పట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. నిరుడు అపొరోసా ఆమె ట్రక్కులోంచి ఎర్రకోడిని ఎత్తుకుపోయాడు. మర్నాడు ఆమె వెళ్లి అతను కూర్చునే కుర్చీ మోసుకొచ్చేసింది. అప్పట్నుంచి అతని ఆసనం ఒక పాత టైరు. ట్రక్కు సామాను మాత్రం ఆమె డబ్బిచ్చే కొంటుంది. ఊరికే తెచ్చుకున్నది చెడిపోతే తిట్టడానికి నోరు రాదు కదా.

"వచ్చావుటే ముసలిదానా! నీకే స్పేరు పార్టులు మార్చాలి ముందు," అన్నాడు అపొరోసా టైరు మీంచి.

"నీ దుంప తెగ! తుప్పు పట్టిన మొహంతో నువ్వా చెప్పేది?" అంటూ ఆమె నేరుగా యార్డులోకి నడిచింది.

అరలన్నీ వెతికింది. ఏదీ నప్పలేదు. చివరికి కరిగించడానికి పోసిన కుప్పలో చెయ్యి పెడితే అచ్చం తన ట్రక్కుదే, నిగనిగలాడుతూ సిలిండర్ తగిలింది.

"అది పారెయ్. వరదలో మూడ్రోజులు మునిగిన బండిది. లోపలంతా గుంటలు పడ్డాయి," అన్నాడు అపొరోసా.

మెరెవై ముసిముసిగా నవ్వుకుంది. మూడేళ్ల కిందట స్టార్టరు మోటారు కొన్నప్పుడు, "వంతెన దాటకముందే చస్తుంది" అన్నాడు. అది ఇవాళ్టికీ కోడికంటే ముందు కూస్తోంది. రేడియేటరును జల్లెడ అన్నాడు. ఒక్క చుక్క కారలేదు. అపొరోసా ఎంత తిడితే సరుకు అంత మంచిదని ఆమె ఎప్పుడో లెక్క తేల్చుకుంది.

"మంచి సరుకంతా కుప్పలో దాస్తున్నావన్నమాట. ఎంతకిస్తావు?"

"నా అత్తక్కూడా ఇవ్వనే! రెండుసార్లు అమ్మాను, రెండుసార్లూ తిరిగొచ్చింది."

"దారి తెలిసిన సరుకన్నమాట. ఇంకా మంచిది."

"రెండోవాడు చెరకుతోటలో తేలాడే మొండిఘటమా!"

"చెరకు చవగ్గా దొరికుంటుందిలే. అబ్బ, ఇవాళ నీ నోరు భలే లేచిందిరా! ఇది బంగారమే అయ్యుండాలి."

డబ్బు తీసి డ్రమ్ము మీద పెట్టి, సిలిండర్ సంచిలో వేసుకుని గేటు వైపు తిరిగింది.

అపొరోసా పరుగున వచ్చి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. టోపీ తీశాడు. నూనె మడ్డి పట్టిన నేల మీద మఠం వేసుకుని కూర్చుని, తల వంచి, దోసిలిపట్టిన అరచేతులతో మూడుసార్లు మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఊరిపెద్దల ముందు చేసే మర్యాద అది.

"మెరెవై అమ్మగారూ, చెరకుతోటలో పడింది మా చెల్లెలి మొగుడండీ. చెయ్యి విరిగింది. దయచేసి ఇది తీసుకెళ్లకండి," అన్నాడు.

 ఇరవై ఏళ్లలో మెరెవై ఆ నోట మర్యాద వినడం ఇదే మొదలు. పదకొండు మలుపులూ, వెనక కూర్చునే పన్నెండు మొహాలూ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. సంచిలోంచి సిలిండర్ తీసి కుప్పలోకి విసిరేసింది. ఆ చప్పుడుకు ఆమే ఉలిక్కిపడింది.

"లేవరా. నువ్వలా కూచుంటే నాకు భయంగా ఉంది. మరి రేపెలా?"

అతను లేచి మోకాళ్లు దులుపుకుంటుంటే, గేటు పక్కన నిలిపిన అతని సొంత ట్రక్కు మీద ఆమె చూపు పడింది. అదే మోడలు. పొద్దున్నే ఇంటినుంచి నడుపుకొచ్చింది.

"దాని సిలిండర్ బాగుందా?"

"బాగుంది..." అనేసి, అపొరోసా నాలుక కరుచుకున్నాడు.

"అయితే పట్టుకెళ్తున్నా. పానా ఇలా ఇయ్యి."

తౌవు అడిగాక కాదనడానికి లేదు. ఊడదీస్తున్నంతసేపూ ఆమె ఏడుతరాల వాళ్లనీ తిట్టిపోశాడు. తిట్టు తిట్టుకీ ఆమెకు ప్రాణం కుదుటపడింది. సాయంత్రం తనే ఆమెతో కొండెక్కి, పడుకునేలోగా బిగించిపెట్టాడు.

శనివారం బండి కొండ దిగుతోంది. సొంత బండి ఆగిపోయిన అపొరోసా దుంప బస్తాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆడవాళ్లందరికీ తౌవే కనుక వాళ్లు కీర్తనలు మానేసి అతణ్ణి ఏడిపించడంలో పడ్డారు. ఆరో మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా ఆవు. మెరెవై బ్రేకు తొక్కింది. ట్రక్కు మూరెడు దూరంలో ఆగింది.

"చూశావుటే, నీ మొహం చూసి ఆవు జడుసుకుంది!" వెనకనుంచి అపొరోసా అరిచాడు.

ఆడవాళ్లు ఘొల్లుమని నవ్వి, జవాబు కోసం చెవులు రిక్కించారు. మెరెవై వెనక్కి తిరగలేదు.  కుప్పలోకి విసిరేసిన సిలిండర్ గుర్తొచ్చి, బ్రేకు మీంచి కాలు తియ్యకుండా, ఆవు పక్కకు తప్పుకునేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

మెరెవై ఇవాళ ఓడిపోయిందని ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ సిలిండర్ సంగతి తెలిసిన అపొరోసా మాత్రం సంత వచ్చేదాకా మళ్లీ ఆమెను ఏడిపించలేదు.