గడీ ముందర ఆగని బస్సు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు మీద నడిచేవి. జడ్చర్ల నుంచి కల్వకుర్తికి పోయే బస్సుకు నేను డ్రైవరును. వెనకాల నిలువెత్తు ఇనుప పొయ్యి ఉండేది. గంట ముందే వచ్చి నిప్పు రాజేసి, బొగ్గు కాలి గ్యాసు పట్టిందని నమ్మకం కుదిరాకే ఇంజను తిప్పేవాణ్ని. ఎత్తు వస్తే బస్సు మూలిగి ఆగిపోయేది. జనం నవ్వుకుంటూ దిగి తోసేవారు.

మాది సెంటు భూమి లేని కూలి కుటుంబం. మా ఊళ్లో చెప్పులేసుకుని పెద్దకులాల వాడలోకి వెళ్లే వీల్లేదు మాకు. సికింద్రాబాదు పారిపోయి మిలిటరీ లారీల దగ్గర డ్రైవింగు నేర్చుకున్నాను. ముప్పై మందిని వెనక కూర్చోబెట్టుకుని పోతుంటే నాకు పొగరుగానే ఉండేది. ఆ పొగరును నేనెప్పుడూ దాచుకోలేదు.

ఒక్కచోట మాత్రం అది అణిగిపోయేది. దారిలో ఒక ఊళ్లో రోడ్డు పక్కనే దొర గడీ, కోటలాంటి మేడ. ఆ గడీ ముందు నుంచి కూలోళ్లు, చిన్న రైతులు ఏ బండి మీదా కూర్చుని పోకూడదు. బస్సుకూ అదే కట్టడి. గడీకి ఇవతల ఆపితే వాళ్లంతా దిగి, చెప్పులు చేతబట్టుకుని, తల వంచుకుని నడిచి, అవతల మళ్లీ ఎక్కాలి. హారన్ కొట్టకూడదు. నన్ను దిగమనలేదు. నేను దిగితే బస్సు నడవదు కదా.

ఏడాది పాటు అట్లాగే ఆపాను. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అందరూ దిగారు, ఒక ముసలవ్వ దిగలేదు. ప్రసవించిన కూతుర్ని చూడటానికి కల్వకుర్తి పోతోంది. ఒళ్లో నెయ్యి గిన్నె, వాచిన మోకాళ్లు. గడీ కావలివాడు కర్రతో కిటికీ తట్టాడు.

"ఏ ముసల్దానా, దిగు."

ఆమె కొంగుముడి విప్పి టికెట్ తీసి చూపింది. "దీని మీద ఏం రాసిండ్రో సదువు. కల్వకుర్తి దాకా అని రాసిండ్రా, గడీ కాడ దిగి నడువుమని రాసిండ్రా?"

వాడికి చదువు రాదు. నా వైపు తిరిగాడు. "నువ్వేం చూస్తున్నవ్ రా? దించు దాన్ని."

రోడ్డు మీద నిలబడ్డవాళ్లంతా నన్నే చూస్తున్నారు. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"అవ్వ దిగదు. దిగినోళ్లంతా ఎక్కుండ్రి."

ఎవరూ కదల్లేదు. హారన్ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాను. అప్పుడు ఒక నడివయసు రైతు చేతిలో చెప్పులు కింద పడేసి, కాళ్లకు తొడుక్కుని ఎక్కాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే అందరూ ఎక్కారు.

"రేపు గీ తొవ్వన ఎట్ల వస్తవో చూస్త," అన్నాడు కావలివాడు.

"గిదే టైముకు వస్త. చూడు."

మర్నాడు జడ్చర్లలోనే ప్రయాణికులకు చెప్పేశాను: "గడీ కాడ ఆపను. భయమున్నోళ్లు దిగుండ్రి." ఇద్దరు దిగారు. గడీ దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, తుమ్మకంప. పక్కన నలుగురు కర్రలతో నిలబడ్డారు. బస్సులోని మగవాళ్లంతా ఒక్కసారిగా దిగి రాళ్లు దొర్లించి, కంప లాగేశారు. అంతమందిని చూసి ఆ నలుగురు కర్రలు ఎత్తలేదు. బస్సు గడీ దాటింది.

సాయంత్రం బస్సు యజమాని పిలిచాడు. పాపం, భయస్తుడు.

"పోయి దొర కాళ్లు మొక్కు. గంతతోని అయిపోతది. లేకుంటె నా బండి కాలబెడ్తరు."

"కాళ్లు మొక్కను సేట్. గడీ కాడ ఆపుమంటె గీ పనే వద్దు."

ఇంజను తిప్పే హ్యాండిలు ఆయన ముందు పెట్టి జడ్చర్లలోని మా గుడిసెకు వచ్చేశాను. బొగ్గు బస్సు నడపడం తెలిసి, ఖాళీగా ఉన్న డ్రైవరు చుట్టుపక్కల మరొకడు లేడు. నాలుగు రోజులు బస్సు కదల్లేదు. మా బస్సు మీదే కల్వకుర్తికి పోవలసిన సర్కారు ఉత్తరాల టపా సంచులు జడ్చర్లలోనే పడి ఉన్నాయి. అయిదో రోజు తహసీలు కచేరి నుంచి మనిషి వచ్చి, సర్కారు టపా ఎందుకు ఆగిందని సేటును నిలదీశాడు. ఆ పూటే సేటు మా గుడిసెకు వచ్చాడు.

"పా, బండి తియ్యి."

"గడీ కాడ ఆపను."

"ఆపకు," అన్నాడు నేల చూస్తూ.

ఆ రోజు దొర స్వయంగా మేడ మీద నిలబడి ఉన్నాడు. నేను వేగం పెంచలేదు, తగ్గించలేదు. లోపల ఎవరూ తల వంచలేదు. ఊరు దాటాక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

పది రోజులకు పట్టపగలే మా గుడిసె కప్పు తగలబడింది. ఎవరు అంటించారో మా దగ్గర రుజువు లేదు. వాడవాళ్లు నీళ్లు పోసి ఆర్పారు. కాలిన వాసాల ముందు నిలబడి, "ఇగ బండి నడుపుడు బందు పెడ్దునా?" అని నా భార్యను అడిగాను. ఆమె బూడిద ఊడుస్తూనే ఉంది.

"కప్పు మేం కప్పుకుంటం. నువ్వు బండి కాడికి పో. జనం ఎదురు చూస్తాండ్రు."